అమెరికాలో మీ మొదటి కారు: అమెరికన్ కంపెనీదా, విదేశీ కంపెనీదా అని తేల్చుకునే ముందు

న్యూయార్క్, చికాగో, బోస్టన్ వంటి కొద్ది నగరాలను మినహాయిస్తే, అమెరికాలో కారు లేనిదే కూరగాయలు తెచ్చుకోవడం కూడా కష్టమే. అందుకే చదువుకోవడానికి వచ్చినవారైనా, ఉద్యోగం మీద కుటుంబంతో వచ్చినవారైనా అద్దె ఇల్లు కుదిరిన వెంటనే కారు కోసం వెతకడం మొదలుపెడతారు. అప్పుడు రూమ్మేట్లూ, ముందే వచ్చి స్థిరపడిన బంధువులూ దాదాపు ఒకే మాట చెబుతారు: టయోటా గానీ హోండా గానీ తీసుకోండి, అమెరికన్ కంపెనీల కార్లు ఎక్కువకాలం నిలవవు. ఈ సలహాకు ఆధారం లేకపోలేదు. కానీ ఇది సగం సలహా మాత్రమే. దాన్ని పట్టుకుని బండి చరిత్ర చూడకుండా, పేరు చూసి డబ్బు పోసేవారిని ప్రతి ఏడాదీ చూస్తున్నాను కాబట్టి, మిగతా సగాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

జపాన్ కార్లకు ఈ పేరు 1970లలో వచ్చింది. పెట్రోలు ధరలు పెరిగి జనం చిన్న కార్ల వైపు మళ్లినప్పుడు, అమెరికన్ కంపెనీలు హడావుడిగా తెచ్చిన చిన్న కార్లలో కొన్ని చాలా చెడ్డపేరు తెచ్చుకున్నాయి. షెవర్లే వేగా ఇంజిన్ వేడెక్కి పాడయ్యేది, బాడీ త్వరగా తుప్పు పట్టేది. దిగుమతుల మీద 1981లో పరిమితి రావడంతో జపాన్ కంపెనీలు ఇక్కడే కార్లు తయారుచేయడం పెంచాయి. 1982లో ఒహాయోలోని మేరీస్‌విల్‌లో హోండా అకార్డ్, 1988లో కెంటకీలోని జార్జ్‌టౌన్‌లో టయోటా క్యామ్రీ తయారవడం మొదలైంది.

కారు మన్నికను కంపెనీ పేరు నిర్ణయించదన్న నా వాదనకు, నాకు తెలిసినంతలో అన్నిటికంటే మంచి రుజువు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ ఫ్యాక్టరీ. జనరల్ మోటార్స్ నడిపినప్పుడు నాణ్యతలోనూ, కార్మిక సంబంధాలలోనూ చెడ్డపేరు మోసిన ఆ ఫ్యాక్టరీ 1982లో మూతపడింది. 1984లో టయోటా, జనరల్ మోటార్స్ ఉమ్మడిగా దాన్ని మళ్లీ తెరిచి, పాత కార్మికులలో చాలామందినే తిరిగి పనిలోకి తీసుకుని, టయోటా పద్ధతిలో పని నేర్పాయి. ఆ కార్మికుల చేతుల మీదుగానే మంచి నాణ్యత గల కార్లు బయటికి వచ్చాయి. అక్కడ తయారైన టయోటా కరోలా, జనరల్ మోటార్స్ అమ్మిన జియో ప్రిజమ్ లోపల దాదాపు ఒకే కారు. అయినా అమెరికన్ పేరున్న ప్రిజమ్ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో తక్కువ ధరకే దొరికేది. అంటే మన్నికను నిర్ణయించినవి డిజైనూ, పని పద్ధతీ అయితే, ధరను నిర్ణయించింది ముందు అతికించిన పేరు. ఆ ఫ్యాక్టరీలోనే టయోటా ఇంజిన్‌తో తయారైన జనరల్ మోటార్స్ వారి పాంటియాక్ వైబ్ కార్లు ఇప్పటికీ అక్కడక్కడ అమ్మకానికి కనిపిస్తుంటాయి.

ఈ రోజు స్వదేశీ (అంటే అమెరికన్), విదేశీ అన్న హద్దు ఇంకా చెరిగిపోయింది. డ్రైవరు వైపు ముందు అద్దం (విండ్‌షీల్డ్) అడుగున కనిపించే 17 అక్షరాల విన్ నంబరులో, అంటే ప్రతి కారుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్యలో, మొదటి అక్షరం చూడండి. అది 1, 4, 5లలో ఒకటైతే ఆ కారును అమెరికాలోను, 2 అయితే కెనడాలోను, 3 అయితే మెక్సికోలోను, ఇంగ్లీషు ‘జె’ అయితే జపాన్‌లోను, ‘కె’ అయితే దక్షిణ కొరియాలోను తయారుచేశారు. మీరు విదేశీ అనుకునే క్యామ్రీ కెంటకీది కావచ్చు, స్వదేశీ అనుకునే ఫోర్డ్ ఫ్యూజన్ మెక్సికోలోని హెర్మోసియోది కావచ్చు, షెవర్లే ట్రాక్స్ కొరియా నుంచి ఓడలో వచ్చింది కావచ్చు. కొత్త కారులో అమెరికా, కెనడా విడిభాగాల శాతం ఎంతో అద్దానికి అంటించిన కాగితం మీద చూపాలని 1992 నాటి చట్టం చెబుతుంది. అయితే ఆ శాతాన్ని బట్టి కారు మన్నికను అంచనా వేయలేము.

నిజంగా చూడవలసినవి ఇంజిన్, గేర్ బాక్స్, తయారైన సంవత్సరం. ఈ మూడూ కలిపి చూస్తే ప్రతి కంపెనీలోనూ మంచీ చెడూ కనిపిస్తాయి. 2012 నుంచి 2016 వరకు వచ్చిన ఫోర్డ్ ఫోకస్‌లో డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్ బాక్స్ వణుకు, జారుడు సమస్యలతో కోర్టుల దాకా వెళ్లింది. వాటి జోలికి పోకండి. అదే కంపెనీ ఫ్యూజన్‌లో టర్బో లేని 2.5 లీటర్ల ఇంజిన్, మామూలు ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఉన్న కారు, ఆయిల్ సకాలంలో మార్చి ఉంటే నమ్మదగినదే. ఆ ఇంజిన్ మూలాలు మాజ్డావి. మరి అదే ఫ్యూజన్‌లో 1.5 లీటర్ల టర్బో ఇంజిన్ ఉన్నవాటిలో కొన్నిటికి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) సిలిండర్లలోకి చేరే లోపం ఉంది. జపాన్ వైపు చూసినా అంతే. 2007 నుంచి 2009 వరకు వచ్చిన నాలుగు సిలిండర్ల క్యామ్రీలలో చాలావాటికి ఆయిల్ తాగే జబ్బు ఉంది. 2010లలో వచ్చిన నిస్సాన్ ఆల్టిమా, సెంట్రాల సీవీటీ గేర్ బాక్సుల (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్ రకం) మీద ఫిర్యాదులు ఎక్కువై కంపెనీయే వారంటీ గడువు పొడిగించింది.

హ్యుందాయ్, కియాల గురించి మనవాళ్లకు విడిగా చెప్పాలి. పెనుకొండ ఫ్యాక్టరీ నుంచి వచ్చే కియా కార్లను చూసి వచ్చినవారికి ఆ పేరు మీద సహజంగానే నమ్మకం ఉంటుంది. కానీ అమెరికాలో 2011 నుంచి అమ్మిన సొనాటా, ఆప్టిమా వంటి కార్లలోని 2.0, 2.4 లీటర్ల ఇంజిన్లలో బేరింగులు అరిగి ఇంజిన్ పట్టేసే లోపం బయటపడి పెద్ద రీకాళ్లు (లోపమున్న కార్లను కంపెనీ వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయడం) జరిగాయి. పైగా, ఆ దశాబ్దంలో తాళం చెవి తిప్పి నడిపే మోడళ్లలో చాలావాటికి ఇమ్మొబిలైజర్ (సరైన తాళం చెవి లేనిదే ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వని పరికరం) లేకపోవడంతో దొంగతనాలు పెరిగాయి. అందుకని ధర మాట్లాడుకునే ముందే ఇన్సూరెన్స్ ఎంతవుతుందో అడిగి తెలుసుకోండి. కొత్త కారు కొన్నవారికి ఈ కంపెనీలు ఇంజిన్, గేర్ బాక్స్ మీద ఇచ్చే 10 సంవత్సరాలు లేదా 1,00,000 మైళ్ల వారంటీ రెండో యజమానికి పూర్తిగా రాదు, 5 సంవత్సరాలు లేదా 60,000 మైళ్లకు తగ్గుతుంది. అమ్మేవారు ఈ విషయం సాధారణంగా చెప్పరు.

ఇంత చెప్పినా, సగటున చూస్తే టయోటా, హోండాలు ఎక్కువకాలం నిలుస్తాయన్న మాటను నేను కాదనను. పదేళ్లు ఒకే కారు ఉంచుకోవాలనుకునే కుటుంబానికి, వీలైతే కొత్త క్యామ్రీ లేదా కరోలా హైబ్రిడ్ కొనమనే చెబుతాను. సెడాన్ కావాలంటే ఇప్పుడు పోటీ కూడా పెద్దగా లేదు. ఫోర్డ్ 2018లో సెడాన్ల నుంచి తప్పుకుంటానని ప్రకటించి 2020లో ఫ్యూజన్‌ను నిలిపేసింది, షెవర్లే మాలిబు తయారీ 2024లో ఆగింది. రెండేళ్ల మాస్టర్స్ చదివే విద్యార్థి సంగతి వేరు. ఎనిమిది వేల డాలర్లు చేతిలో ఉన్న విద్యార్థికి 1,40,000 మైళ్లు తిరిగిన, సర్వీసు రసీదు ఒక్కటీ లేని కరోలా ఒక పక్క, 80,000 మైళ్లు తిరిగి, రసీదులన్నీ ఉన్న ఫ్యూజన్ 2.5 ఇంకో పక్క దొరికితే, రెండోదే తీసుకోమంటాను. 1,00,000 మైళ్లంటే 1,60,000 కిలోమీటర్లు కదా అని మన ఊరి లెక్కతో భయపడనక్కరలేదు. ఇక్కడి కార్లు ఎక్కువభాగం హైవేల మీద ఒకే వేగంతో తిరుగుతాయి, ఆ మైళ్లు ఇంజిన్‌ను అంతగా అలసిపోనివ్వవు.

సర్వేల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. జె.డి. పవర్ సంస్థ మన్నిక ర్యాంకులు మూడేళ్ల వయసున్న కార్ల యజమానులు చెప్పిన ఇబ్బందుల మీద ఆధారపడినవి. ఫోన్ కనెక్ట్ కాకపోవడం కూడా అందులో ఇబ్బందిగానే లెక్కకు వస్తుంది. పదో ఏట గేర్ బాక్స్ ఎలా ఉంటుందో ఆ అంకెలు చెప్పవు. వినియోగదారుల కోసం వస్తువులను పరీక్షించే కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ మోడలు వారీగా, సంవత్సరం వారీగా ఇంజిన్, గేర్ బాక్స్ సమస్యలను విడివిడిగా చూపుతుంది. చాలా పబ్లిక్ లైబ్రరీల సభ్యత్వ కార్డుతో దాన్ని ఉచితంగా చదువుకోవచ్చు.

కారు ఏ రాష్ట్రంలో బతికిందో తప్పక చూడండి. మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ వంటి చోట్ల మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అడుగుభాగం తుప్పు పడుతుంది. అది ఎంత మంచి కంపెనీ కారునైనా తినేస్తుంది. 2017లో హార్వీ తుపాను తర్వాత హ్యూస్టన్ ప్రాంతంలో మునిగిన కార్లు ఎన్నో పనికిరానివిగా తేలాయి, అటువంటి కార్లు శుభ్రం చేయించుకుని వేరే రాష్ట్రాల్లో అమ్మకానికి రావడం మామూలే. సీట్ల కింద బురద, సీటు బెల్టు చివరి దాకా లాగినప్పుడు మరకలు ఉన్నాయేమో చూడండి. టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద శాల్వేజ్ (బాగా దెబ్బతిన్నది), రీబిల్ట్ (అలా దెబ్బతిని మళ్లీ బాగుచేసినది) అన్న మాటలుంటే, ధర ఎంత తక్కువైనా కొత్తగా వచ్చినవారు దూరంగా ఉండడం మేలు.

విన్ నంబరు ఇస్తే, మరమ్మతు చేయించని రీకాళ్లు ఏవైనా ఉన్నాయో లేవో అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్ ఉచితంగా చూపిస్తుంది. కోట్ల సంఖ్యలో కార్లకు వర్తించిన టకాటా కంపెనీ ఎయిర్ బ్యాగుల రీకాల్ ఇంకా పూర్తి చేయించని పాత కార్లు రోడ్ల మీద ఉన్నాయి. ఆ ఎయిర్ బ్యాగు పగిలి లోహపు ముక్కలు చిమ్మడం వల్ల మనుషులు చనిపోయారు కాబట్టి దీన్ని వాయిదా వేయకండి, డీలర్ దగ్గర ఉచితంగా మారుస్తారు. ఆ తర్వాత, అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్‌కు డబ్బిచ్చి కారును లిఫ్టు మీద పెట్టి చూపించండి. అమ్మేవారు దానికి ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదటిసారి స్టార్ట్ చేయడం మంచిది, ఎందుకంటే అప్పటికే వేడెక్కించి ఉంచిన కారులో కొన్ని చప్పుళ్లు, పొగ బయటపడవు.

కొన్న తర్వాత కారు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది చాలావరకు మీ చేతుల్లోనే ఉంటుంది. ఇంజిన్ ఆయిల్, గేర్ బాక్స్ ఆయిల్, కూలెంట్ కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పిన గడువులోపే మార్పించండి. వారంటీ నిలవాలంటే డీలర్ దగ్గరే సర్వీసు చేయించాలని ఎవరైనా చెబితే అది నిజం కాదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి మెకానిక్ దగ్గర చేయించినంత మాత్రాన వారంటీ పోదు. అయితే పని జరిగిన తేదీ, అప్పటికి తిరిగిన మైళ్లు, వాడిన ఆయిల్ రకం రాసి ఉన్న రసీదు మీ దగ్గర ఉండాలి. రేపు ఇంజిన్ పాడై వారంటీ కింద మార్చమని అడిగినప్పుడు కంపెనీవారు మొదట అడిగేది ఆ రసీదులే.