విశాఖ రేవులో సరుకు ఆగినప్పుడు: సమస్య, కారణం, పరిష్కారం

విశాఖపట్నం నుంచి రొయ్యలు, అరకు కాఫీ ఎగుమతి చేసేవారికీ, విదేశాల నుంచి యంత్ర భాగాలు తెప్పించి ఇక్కడ పంపిణీ చేసేవారికీ ఎదురయ్యే చిక్కులు చాలావరకు రేవు దగ్గర బయటపడతాయి గాని అక్కడ పుట్టవు. ఇన్‌వాయిస్ రాసిన రోజునో, డిస్ట్రిబ్యూటరుతో బేరం కుదిరిన రోజునో అవి మొదలై ఉంటాయి. అందువల్ల ఒక్కొక్క సమస్యలో ముందు పైకి కనిపించేది చెప్పి, ఆ తరువాత వెనక్కి ఎక్కడ వెతకాలో చెబుతాను.

సమస్య: రొయ్యలు దారిలో కరిగి మళ్లీ గడ్డకట్టాయని అవతలి డిస్ట్రిబ్యూటరు డబ్బు ఆపేశారు.

అందరికీ ముందు ఓడ కంపెనీ మీదే అనుమానం కలుగుతుంది. కాని రీఫర్ కంటెయినర్ (చల్లదనం నిలిపే యంత్రం ఉన్న కంటెయినర్) ఉన్న చల్లదనాన్ని నిలబెట్టడానికి తయారైనదే తప్ప సరుకును గడ్డకట్టించడానికి కాదు. పెట్టెల లోపలి భాగం మైనస్ 18 డిగ్రీలకు చేరకముందే లోడింగ్ జరిగినా, చేరిన తరువాత మన సముద్రతీరపు ఉక్కలో ఆ పెట్టెలు చాలాసేపు బయట ఉండిపోయినా, యంత్రం మీద మైనస్ 18 అని సెట్ చేసి ఉంటుంది గాని సరుకు నడుమ అంత చలి ఉండదు. రెండో కారణం పేర్పు. చల్లగాలి కంటెయినర్ నేలలోని గాడుల గుండా సాగి, పైకి లేచి, కప్పు కింది ఖాళీలోంచి తిరిగి యంత్రానికి చేరాలి. లోపలి గోడ మీది ఎర్ర గీత దాటి పెట్టెలు పేర్చినప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. మూడోది కరెంటు: ప్లాంటు నుంచి రేవుకు వెళ్లే లారీ మీద జెనరేటర్ ఆగినా, మధ్య రేవులో ఓడ మారేటప్పుడు ప్లగ్ పెట్టడం ఆలస్యమైనా నష్టం జరుగుతుంది.

ఈ మూడింటిలో ఏది జరిగిందో కంటెయినర్ యంత్రంలోని ఉష్ణోగ్రత రికార్డు చాలావరకు చెప్పేస్తుంది కాబట్టి, వాదన మొదలుపెట్టకముందే దానిని ఓడ కంపెనీ నుంచి రాతపూర్వకంగా అడగాలి. సరుకు మీదుగా తిరిగి వచ్చే గాలి మొదటి గంటల నుంచే వేడిగా ఉండి రోజుల తరబడి నెమ్మదిగా తగ్గిందంటే లోపం మన ప్లాంటుదే. బాగా సాగుతున్న గీత ఒకచోట హఠాత్తుగా పైకి లేస్తే, ఆ గంటలో కంటెయినర్ ఎవరి చేతిలో ఉందో వారిని అడగాలి. పైకి కనిపించని నష్టమైతే సరుకు అందుకున్న 3 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలన్నదీ, ఏడాదిలోపు దావా వేయాలన్నదీ సముద్ర రవాణాలో ఎక్కువగా అమలులో ఉన్న నియమాలు. బీమా సర్వేయరు చూసేదాకా సరుకును కదిలించవద్దని డిస్ట్రిబ్యూటరుకు ముందే చెప్పి ఉంచాలి. తదుపరి లోడింగ్‌లో పెట్టె లోపలి ఉష్ణోగ్రత కొలిచి ఫోటో తీసి, సరుకు మధ్యలో ఒక డేటా లాగర్ (ఉష్ణోగ్రతను నమోదు చేసే చిన్న పరికరం) పెట్టండి. ఖాళీ కంటెయినర్‌ను ముందుగా చల్లబరచడం మంచిదని చాలామంది అనుకుంటారు గాని, లోడింగ్ ద్వారానికి గాలి చొరబడని సీలు లేని ప్లాంటులో తలుపు తీయగానే తేమ లోపలికి చేరి చల్లబరిచే కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. విశాఖలో ఆ పని చేయకపోవడమే మేలు.

సమస్య: ఓడ వెళ్లి నెలలైనా ఐజీఎస్టీ రీఫండు రాలేదు.

ఎగుమతి మీద కట్టిన ఐజీఎస్టీ (సమీకృత జీఎస్టీ) తిరిగి రావడానికి, కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రమైన షిప్పింగ్ బిల్లే రీఫండు దరఖాస్తుగా లెక్కకు వస్తుంది కాబట్టి విడిగా అర్జీ పెట్టినందువల్ల ఫలితం ఉండదు. కస్టమ్స్ వారి ఐస్‌గేట్ పోర్టల్‌లో ఆ బిల్లుకు ఏ ఎర్రర్ కోడ్ పడిందో చూడాలి. ఎస్‌బీ002 అయితే ఓడ తరఫు వారు ఈజీఎం (ఓడలో వెళ్లిన ఎగుమతి సరుకుల జాబితా) దాఖలు చేయలేదని అర్థం, వారి వెంట పడాలి. ఎస్‌బీ005 అయితే షిప్పింగ్ బిల్లులోని ఇన్‌వాయిస్ నంబరూ జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్ను)లోని నంబరూ కలవలేదు. ఎగుమతికి ఒక ఇన్‌వాయిస్, జీఎస్టీకి మరొకటి రాసే అలవాటే దీనికి మూలం. రిటర్నులో తప్పుంటే జీఎస్టీఆర్-1 సవరణ పట్టిక 9ఏలో సరిచేయాలి. షిప్పింగ్ బిల్లులో తప్పుంటే కస్టమ్స్ అధికారి దగ్గరికి రెండు ఇన్‌వాయిస్‌ల పోలిక పట్టికతో వెళ్లాలి.

సమస్య: దిగుమతి సరుకు వచ్చింది, ఖర్చు రోజురోజుకూ పెరుగుతోంది.

ఇక్కడ మూడు రకాల మీటర్లు ఒకేసారి తిరుగుతుంటాయి: టెర్మినల్ నేల అద్దె, కంటెయినర్‌ను గడువు దాటి ఉంచుకున్నందుకు ఓడ కంపెనీకి చెల్లించే డిటెన్షన్, కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రమైన బిల్ ఆఫ్ ఎంట్రీ ఆలస్య రుసుము. దగ్గరి పొరుగు దేశాల సరుకును మినహాయిస్తే, ఓడ వచ్చే రోజుకు ముందు రోజు ముగిసేలోపు బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు కావాలి. ఆలస్యమైతే మొదటి 3 రోజులు రోజుకు రూ.5,000, ఆ పైన రోజుకు రూ.10,000 చొప్పున పడుతుంది. ఓడ రావడానికి 30 రోజుల ముందు నుంచే దాఖలు చేసే వీలుంది గనుక ఎదురుచూడవలసిన పని లేదు. అయితే కొలంబో వంటి రేవులో కంటెయినర్ మరో ఓడ ఎక్కితే ఓడ పేరు మారుతుంది. బిల్లులో ఆ వివరం సరిచేశారో లేదో మీ సీహెచ్‌ఏను (కస్టమ్స్ పని చూసే ఏజెంటును) అడిగి తెలుసుకోండి. సరఫరాదారు అసలు బిల్ ఆఫ్ లేడింగ్‌ను (సరుకు విడిపించుకోవడానికి చూపవలసిన ఓడ కంపెనీ పత్రాన్ని) కొరియర్‌లో ఆలస్యంగా పంపడమే అడ్డంకి అయితే, డబ్బు ముట్టిన వెంటనే టెలెక్స్ రిలీజ్ (అసలు పత్రం లేకుండానే సరుకు ఇవ్వడానికి అనుమతి) ఇవ్వాలన్న షరతును ఆర్డరులోనే రాయించుకోవాలి. డిటెన్షన్ పడని ఉచిత రోజుల సంఖ్యను బుకింగ్‌కు ముందే బేరమాడాలి, సరుకు దిగిన తరువాత ఆ మాట ఎవరూ వినరు.

సమస్య: లెటర్ ఆఫ్ క్రెడిట్ ఉన్నా బ్యాంకు పత్రాలు తిప్పి పంపింది.

లెటర్ ఆఫ్ క్రెడిట్ అంటే, షరతుల ప్రకారం పత్రాలు ఇస్తే డబ్బు చెల్లిస్తామని కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే హామీ. బ్యాంకులు చూసేది పత్రాలనే, సరుకును కాదు. వేరే గడువు రాయకపోతే ఓడ ఎక్కించిన తేదీ నుంచి 21 రోజుల్లోపు, క్రెడిట్ గడువు ముగియకముందే పత్రాలు ఇవ్వాలి. సరుకు వర్ణన, రేవుల పేర్లు, తేదీలు ఒకదానితో ఒకటి పొసగకపోవడమే తరచుగా కారణం. క్రెడిట్ చేతికందిన రోజే షరతులన్నీ చదివి, నెరవేర్చలేనివాటిని సవరించమని డిస్ట్రిబ్యూటరును అడగాలి. క్రెడిట్ లేకుండా అప్పు మీద పంపేవారికి ఈసీజీసీ (ఎగుమతి బాకీలకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) పాలసీ తప్పనిసరి అని నా అభిప్రాయం.

సమస్య: చెక్క ప్యాలెట్ల వల్ల సరుకు తిరస్కరణకు గురైంది.

చెక్కను, దాని నడుమ భాగం సహా, 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచిన దానికి గుర్తుగా ఐపీపీసీ (అంతర్జాతీయ మొక్కల సంరక్షణ ఒప్పందం) ముద్ర ఉండాలి. ప్యాలెట్లు కొన్నప్పుడే కాక, లోడింగ్ సమయంలో కూడా ఒక్కొక్క దాని మీద ముద్ర కనిపించేలా ఫోటో తీసుకోవాలి. విరిగిన పలక స్థానంలో ముద్ర లేని కొత్త పలక కొట్టిన ప్యాలెట్‌ను పక్కన పెట్టాలి.