రెండు మోడల్ విమానాలు ఒకేసారి ఎగిరే పోటీలో: టేకాఫ్‌కు ముందు జాగ్రత్తలు

ఎఫ్3ఏ (రేడియోతో నడిపే మోడల్ విమానాల విన్యాసాల పోటీ) తరహా విన్యాసాలు నేల మీద నిలబడ్డ పైలట్‌కు దాదాపు 150 మీటర్ల దూరంలో, అతని ఎదురుగా ఊహించుకునే మధ్య గీతకు అటూ ఇటూ 60 డిగ్రీల లోపు సాగుతాయి. అంత దూరంలో రెండు విమానాల మధ్య పది మీటర్లు ఉన్నాయో, అసలు లేవో కంటికి తెలియదు. రెండూ సెకనుకు 25 మీటర్ల చొప్పున ఎదురెదురుగా వస్తే 100 మీటర్ల ఎడం 2 సెకన్లలో మాయం. అందుకే అసలైన జాగ్రత్తంతా నేల మీదే తీసుకోవాలి.

• పైలట్ చూపు తన మోడల్ మీదే ఉంటుంది. రెండోదాన్ని కనిపెట్టే పని కాలర్‌ది, అంటే పక్కన నిలబడి విన్యాసాల పేర్లు చదివి వినిపించే సహాయకుడిది. విన్యాసాల పేర్లు చదవడంలో మునిగిపోయే కాలర్ అయితే ఇంకొకరిని పక్కన నిలబెట్టండి.

• తప్పుకోమనడానికి ఒకే మాట, ఒకే దిశ ముందే ఖాయం చేసుకోండి. ఆ మాట వినపడగానే విన్యాసం వదిలేయాలి. మార్కులు పోతే పోనివ్వండి.

• అవతలి పైలట్ విన్యాసాల క్రమం, టేకాఫ్ సమయం అడగండి. ఇద్దరూ ఒకేసారి మధ్య గీత దాటే చోట్లే ముప్పు ఎక్కువ.

• ప్రొపెల్లర్ విప్పి, ట్రాన్స్‌మిటర్ ఆపి చూడండి: ఫెయిల్‌సేఫ్‌లో (సిగ్నల్ తెగినప్పుడు పనిచేసే రక్షణ ఏర్పాటులో) మోటారు ఆగాలి.

• రెండు మోడళ్లు తగిలితే, ఇంకా ఎగురుతున్నా సరే, వెంటనే దించండి. రెక్క లోపలి పగుళ్లు, సర్వో (రెక్కల, తోక పలకలను కదిపే చిన్న మోటారు) గేర్ల పళ్లు చూడకుండా మళ్లీ ఎగరేయొద్దు. దెబ్బ తిన్న లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని కారులో పెట్టకండి. ఆరుబయట ఇసుకలో ఉంచండి.