ప్రచారంలో మహిళా అభ్యర్థిని కించపరిచే మాటలు: ఎలా గుర్తించాలి, ఎలా ఫిర్యాదు చేయాలి

బూతు ఎవరికైనా వినిపిస్తుంది. నగర కార్పొరేషన్ డివిజన్ (వార్డు) ఎన్నికల్లో చిన్నచూపు ఎక్కువగా క్రియ చివర దాక్కుంటుంది. ఒకే ప్రెస్‌నోట్‌లో "ఆయన మాట్లాడారు, ఆమె మాట్లాడింది" అని ఉంటే అక్కడ గీత గీయండి. చూడాల్సింది మర్యాద ఒక్కటే కాదు, పోలిక. బస్తీ మీటింగ్‌లో "అన్న వచ్చిండు, అక్క వచ్చింది" అంటే ఇద్దరితోనూ ఒకటే చనువు, తప్పు లేదు. "సార్ వచ్చిన్రు, గామె గూడ వచ్చింది" అంటే తేడా చేసినట్టే.

రెండో పరీక్ష: ఆమె పేరు తీసేసి మగ అభ్యర్థి పేరు పెట్టి చదవండి. "ఇల్లు చూసుకోనామె డివిజన్‌ను ఏం చూస్తది", "టికెట్ ఎట్లొచ్చిందో అందరికీ ఎరుకే" లాంటివి మగవాడి పేరుతో అతకవు. "నాలా పూడిక తీయించలేదు" అన్నది ఎవరికైనా అతుకుతుంది. అది విమర్శ. ఎంత ఘాటుగా ఉన్నా వదిలేయండి. ఫిర్యాదులో కలిపితే అసలు మాట పలచబడుతుంది.

"పెత్తనమంతా భర్తదే" అనే మాట దగ్గర జాగ్రత్త. 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో 150 డివిజన్లలో సగం మహిళలకే రిజర్వయ్యాయి. రిజర్వేషన్‌తో గెలిచినవాళ్లపై ఆ నింద ఇంకా తేలికగా నోటికొస్తుంది. అధికారులతో సమీక్షలు నిజంగా భర్తే చేస్తుంటే అది న్యాయమైన విమర్శే. మీ ఫ్లెక్సీలోనే అభ్యర్థి కన్నా భర్త ఫొటో పెద్దగా ఉంటే ముందు దాన్ని దించండి.

ఇక రుజువు. ఫిర్యాదులు ఎక్కువగా వీగిపోయేది "అసభ్యంగా మాట్లాడారు" అని రాసి ఊరుకోవడం వల్ల. అన్న మాటను అన్నట్టే, యాసతో సహా, ఉర్దూలో అంటే ఉర్దూలోనే తెలుగు అక్షరాల్లో రాయండి. పక్కన తేదీ, సమయం, చోటు, విన్న ఇద్దరి పేర్లు. పది సెకన్ల క్లిప్ చాలదు, "ముందూ వెనకా కోశారు" అంటారు. ఆ ప్రసంగం మొత్తం ఉంచుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. రికార్డు చేసిన ఫోన్‌లోని అసలు ఫైలు చెరపవద్దు. కోర్టుకెళ్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) అడుగుతారు. పోస్టయితే స్క్రీన్‌షాట్‌తో పాటు లింకు కూడా ఉండాలి.

ఎవరికి ఇవ్వాలి? కార్పొరేషన్ ఎన్నికలైతే రిటర్నింగ్ అధికారికి, రాష్ట్ర ఎన్నికల సంఘానికి. అసెంబ్లీ, లోక్‌సభ అయితే కేంద్ర ఎన్నికల సంఘానికి. ఎన్నికల ఉల్లంఘనలపై ఫిర్యాదు చేసే సీవిజిల్ యాప్ ఈ రెండో రకానికే. అందులో అక్కడికక్కడ తీసిన ఫొటో, రెండు నిమిషాల్లోపు వీడియోనే వెళ్తాయి, గ్యాలరీలోవి ఎక్కవు. ప్రజాజీవితంతో సంబంధం లేని వ్యక్తిగత జీవితాన్ని విమర్శించకూడదన్న ఎన్నికల ప్రవర్తనా నియమావళి వాక్యాన్ని ఫిర్యాదులో ఎత్తి రాయండి. ఇదివరకు కేంద్ర ఎన్నికల సంఘం చర్యలున్నాయి: 2019 ఏప్రిల్‌లో జయప్రదపై వ్యాఖ్యకు సమాజ్‌వాదీ నేత ఆజం ఖాన్ ప్రచారాన్ని 72 గంటలు, 2024 ఏప్రిల్‌లో హేమమాలినిపై వ్యాఖ్యకు కాంగ్రెస్ నేత రణదీప్ సుర్జేవాలా ప్రచారాన్ని 48 గంటలు ఆపారు. ప్రచారం ముగిశాక ఇలాంటి నిషేధానికి అర్థముండదు, కాబట్టి అదే రోజు ఇవ్వండి.

పోలీసు కేసు వేరే దారి. భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద మహిళ గౌరవాన్ని కించపరిచే మాటలకు, సైగలకు మూడేళ్ల వరకు శిక్ష ఉంది. పరిధి కాదని స్టేషన్‌లో తిప్పి పంపితే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసే ఎఫ్ఐఆర్) అడగండి. మార్ఫింగ్ ఫొటోలను సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో పెట్టండి. 1930 హెల్ప్‌లైన్ నంబర్ ప్రధానంగా డబ్బు మోసాలకు.

జవాబు అభ్యర్థి పేరుతోనే వెళ్లాలి. "మా ఆడపడుచును అంటారా" అని భర్తో అన్నో ముందుకొస్తే గొడవ ఇంటి పరువు మీదికి మళ్లుతుంది. అవతలి నాయకుడికి గాజులు, చీర పంపే నిరసన అసలే వద్దు. అది కూడా ఆడతనాన్ని తిట్టుగా వాడటమే, పైగా అవతలివాళ్లకు ఎదురు ఫిర్యాదు చేతికిస్తుంది.