బీజగణితం స్వయంగా, నాలుగవ పాఠం: కూడిక గుర్తు దగ్గర ఘాతాంక న్యాయాలు

బహుపదుల గుణకారాన్ని ఈ పాఠంలో మొదలుపెట్టవలసి ఉంది. అయితే గత అభ్యాసానికి మీరు పంపిన జవాబుల్లో య³ + య² = య⁵ అన్న వరుస పదే పదే కనిపించినందువల్ల దానిని వాయిదా వేస్తున్నాను; ఈ తప్పు ఉండగా గుణకారంలోకి వెళితే తరువాతి ప్రతి లెక్కలోనూ అదే తిరిగి వస్తుంది. ఘాతాంక న్యాయాలను మళ్ళీ రాయడం లేదు. అవి మీకు వచ్చు. ఎక్కడ వర్తించవన్నదే తేల్చుకోవలసి ఉంది.

య³ అంటే య × య × య, య² అంటే య × య. ఈ రెంటినీ గుణించినప్పుడు ఐదు కారణాంకాలు ఒకే లబ్ధంలో చేరతాయి కాబట్టి య⁵ వస్తుంది. ఘాతాంకాలను కూడడానికి ఈ లెక్కింపు తప్ప వేరే కారణం లేదు. మధ్యలో కూడిక గుర్తు ఉంటే రెండు లబ్ధాలూ విడివిడి పదాలుగానే నిలుస్తాయి. అవి విజాతి పదాలు (య ఘాతాంకాలు వేరైనవి) కనుక య³ + య² అన్నదే తుది జవాబు. జవాబు ఒకే పదంగా ఉండి తీరాలన్న పట్టుదలే ఈ తప్పుకు మూలమని నా అభిప్రాయం. సజాతి పదాలైన 4య³, 5య³ లను కూడితే 9య³ వస్తుంది, కానీ అక్కడ కూడా కూడేది గుణకాలనే, ఘాతాంకం మారదు.

కొందరు య = 0 ప్రతిక్షేపించి, రెండు వైపులా 0 వచ్చిందని తమ జవాబును సమర్థించుకున్నారు. సరిచూడడానికి నేను 3 నే వాడతాను. స్థిరపదం లేని చోట 0 ఏ తప్పునూ పట్టదు. 1 కి ఏ ఘాతమైనా 1 కాబట్టి అది ఘాతాంకంలోని తప్పును దాచివేస్తుంది. 2 కూడా నమ్మదగినది కాదు: య + య = య² అన్న తప్పు రాత 2 దగ్గర 4 = 4 అవుతుంది. మన లెక్కలో 3 వేస్తే ఎడమవైపు 36, కుడివైపు 243 వస్తాయి.

నిజానికి య³ + య² = య⁵ వాస్తవ సంఖ్యల్లో రెండే చోట్ల నిజం: 0 దగ్గర, సుమారు 1.3247 దగ్గర. శూన్యేతర బహుపదికి దాని పరిమాణాన్ని, అంటే అందులోని అతి పెద్ద ఘాతాంకాన్ని, మించి శూన్యాలు (దాని విలువ 0 అయ్యే చోట్లు) ఉండవు. దీనిని రెండు బహుపదుల భేదానికి వర్తింపజేస్తే, పరిమాణం 5 దాటని రెండు బహుపదులు ఆరు వేర్వేరు విలువల దగ్గర సమానమైతే అవి ఒకే బహుపది. అంతకంటే తక్కువ చోట్ల సరిపోవడం రుజువు కాదు.

(2య³)² కు 2య⁶ అని రాసినవారు 4య⁶ గా దిద్దుకోండి. వర్గం 2 కు కూడా వర్తిస్తుంది.

అభ్యాసం: (−2య²)³ + (2య³)² ను సూక్ష్మీకరించండి. తరువాత య⁴ + 11య², 6య³ + 6య అనే రెండు బహుపదుల విలువలను 0, 1, 2, 3 దగ్గర కట్టి, ఆపైన 4 దగ్గర కట్టండి. మొదటి నాలుగు చోట్ల జరిగినది ఐదవ చోట ఎందుకు జరగలేదో, వాటి భేదాన్ని కారణాంకాలుగా విడదీసి వివరించండి. 3 ను మాత్రమే నమ్ముకుంటే ఇక్కడ ఏమవుతుందో కూడా రాయండి.