ఇల్లు చూడ్డానికి రాత్రి తొమ్మిదిన్నరకి వెళ్లండి

విశాఖలో మధురవాడ, కొమ్మాది, పెందుర్తి వైపు అద్దెకి ఇల్లు వెతుకుతున్నవాళ్లకి ఒక మాట. ఆదివారం పొద్దున్న బ్రోకర్ బండెక్కి వెళ్తే ఏ వీధైనా బాగానే కనిపిస్తుంది. అడ్వాన్స్ ఇచ్చేముందు మామూలు రోజున రాత్రి తొమ్మిదిన్నరకి బస్సు దిగి, ఆ ఇంటిదాకా నడిచి చూడండి.

కొమ్మాదిలో మేము తీసుకున్న ఇల్లు హైవే నుంచి ఆరు నిమిషాల నడకే, కానీ మధ్యలో నాలుగు ఖాళీ ప్లాట్లు, నడుమెత్తు తుప్పలు, మూడు స్తంభాలకి ఒక్కటే లైటు, చీకట్లో కాలికి తగిలే మందు సీసాలు, దాంతో మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చే టైముకి రోజూ టార్చి పట్టుకుని నేను ఎదురెళ్లాల్సి వచ్చేది.

ఓనర్‌ని అడిగి లాభం లేదు, ఆయన మంచే చెప్తాడు. ఇస్త్రీ బండి అతన్ని అడగండి. "ఇక్కడ బళ్లలో పెట్రోలు తీసేస్తారా అన్నా?" అంటే చాలు, మిగతాదంతా అతనే చెప్తాడు. పదింటిదాకా కిరాణా కొట్టు తెరిచి ఉండే వీధికి నేనైతే వెయ్యి ఎక్కువ అద్దె ఇస్తాను, సీసీ కెమెరా కంటే అదే నయం.

గాజువాక, గోపాలపట్నం వైపైతే చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ ఉందో కూడా కనుక్కోండి. 2020 మే 7న గోపాలపట్నం దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది తెల్లవారుజామున, జనం నిద్రలో ఉండగా.