కౌంటర్ దగ్గర కాదు, గదిలోకి వెళ్లాక చెప్పండి

నాకు హెచ్ఐవీ ఉందని తెలిసి పదకొండేళ్లు. జబ్బు కంటే ఆస్పత్రి కౌంటర్ అంటేనే నాకు ఎక్కువ టెన్షన్. ఒకచోట నా ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో హెచ్ఐవీ అని పెద్దగా రాసేశారు. వరండాలో ఉన్నవాళ్లంతా చదివారు. చూపించుకోకుండానే వచ్చేశా. ఆ తర్వాత రెండేళ్లు గైనకాలజిస్టు దగ్గరికే పోలేదు. ఆ పని మీరు చెయ్యకండి.

హెచ్ఐవీ ఉన్న మనలాంటి ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు మిగతా ఆడవాళ్ల కంటే దాదాపు 6 రెట్లు ఎక్కువ. అందుకే మనం 25 ఏళ్లకే పరీక్షలు మొదలుపెట్టాలనీ, హెచ్‌పీవీ డీఎన్ఏ టెస్టయితే (ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూసేది) 3 నుంచి 5 ఏళ్లకోసారి చేయించుకోవాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. నొప్పి లేదు కదా అని ఆగొద్దు. మొదట్లో అది నొప్పి పెట్టదు.

ముందురోజే ఒక కాగితం మీద మందుల పేర్లు, డోసు, చివరి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క), దాని తేదీ రాసుకోండి. హెచ్ఐవీ అన్న మాట రాయక్కర్లేదు, మందులు చూస్తే డాక్టరుకు తెలిసిపోతుంది. కౌంటర్లో ఏం సమస్య అని అడిగితే 'చెకప్' అంటే చాలు.

లోపలికి వెళ్లి తలుపు వేశాక, బట్టలు మార్చుకోకముందే, కుర్చీలో కూర్చుని ఉండగానే చెప్పండి. బల్ల మీద పడుకున్నాక నోరు పెగలదు, నాకు అనుభవమే. నేను చెప్పేది ఇంతే: "నాకు హెచ్ఐవీ ఉంది. ఈ మందులు వాడుతున్నా. నాకు వైద్యం చేసేవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియకూడదు."

అసలు చెప్పడం ఎందుకంటారా? మందు రాసే డాక్టరుకైతే చెప్పి తీరాలి. డోలుటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందు వాడేవాళ్లు గ్యాస్ట్రిక్‌కి వేసుకునే అల్యూమినియం, మెగ్నీషియం యాంటాసిడ్లకు 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో డోలుటెగ్రావిర్ వేసుకోవాలి. ఎఫావిరెంజ్ అనే ఇంకో హెచ్ఐవీ మందు వాడుతుంటే చేతిలో పెట్టే గర్భనిరోధక ఇంప్లాంట్ సరిగా పనిచెయ్యకపోవచ్చు. ఇవి తెలియకుండా రాస్తే నష్టం మనకే.

"ఎలా వచ్చింది?" అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. "ఈ చెకప్‌కి అది అవసరమా?" అని మెల్లగా అడగండి. చాలామంది అక్కడితో ఆగిపోతారు.

"మిమ్మల్ని అందరికంటే చివర్లో చూస్తాం" అంటే ఒప్పుకోవద్దు. గ్లవ్స్ మార్చడం, పరికరాలు స్టెరిలైజ్ చెయ్యడం ప్రతి పేషెంటుకూ చెయ్యాల్సినవే. అసలు చూడబోమంటే, కారణం రాసివ్వమనండి. ఒకసారి ఆ మాటతోనే నాకు పనైంది. ఇంకోసారి కాలేదు, నాకు హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్టీ డాక్టరుతో ఫోన్ చేయించాల్సి వచ్చింది. అందుకే ఆ నంబరు ఎప్పుడూ దగ్గరుంచుకుంటా.

వచ్చేముందు రిపోర్టు ఎలా తెలియజేస్తారో అడగండి. ఇంట్లో అందరూ ఎత్తే ఫోన్ నంబరు ఇవ్వొద్దు. నేనైతే మెసేజ్‌లో వివరాలేం పెట్టొద్దని చెప్పి, రిపోర్టు నేనే వచ్చి తీసుకుంటానని రాయించి వస్తా.