బరంపురం నుంచి బ్యాంకు సాంకేతిక ఉద్యోగానికి: పట్టభద్రులకు దారి

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు ఇళ్లలో బ్యాంకు ఉద్యోగమంటే కౌంటరు వెనుక కూర్చునే గుమాస్తా పనో, ప్రొబేషనరీ ఆఫీసరు పనో అనే అభిప్రాయమే ఇప్పటికీ ఉంది. అవే బ్యాంకుల్లో ఖాతాల లెక్కలు నడిపే సాఫ్ట్‌వేరు రాసేవారు, సర్వర్లకు కాపలా కాసేవారు, మోసాలను పసిగట్టే వ్యవస్థలు కట్టేవారు ఉన్నారనీ, వారిలో చాలామందిని చదువు పూర్తయిన ఏడాదే పట్టభద్రుల శిక్షణ పథకాల ద్వారా తీసుకుంటారనీ మన పిల్లలకు చెప్పేవారు తక్కువ. నేను బరంపురంలో చదువుకుని ఆ దారినే వెళ్లాను. ఎక్కడ జాగ్రత్తపడాలో నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు గనుక ఇది రాస్తున్నాను.

ఈ ఉద్యోగాలకు రెండు ద్వారాలున్నాయి. మొదటిది విదేశీ బ్యాంకుల సాంకేతిక కేంద్రాలు: హైదరాబాదులో జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో, హెచ్‌ఎస్‌బీసీ, గోల్డ్‌మన్ శాక్స్, పుణెలో బార్‌క్లేస్, డాయిష్ బ్యాంక్ వంటివి. రెండవది బ్యాంకులకు ఉద్యోగులను ఎంపిక చేసే సంస్థ ఐబీపీఎస్ పెట్టే పరీక్ష ద్వారా ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో దొరికే ఐటీ ఆఫీసరు ఉద్యోగం. మన ఊళ్లో ఆగే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాదు, పుణెల మీదుగా ముంబయి చేరుతుంది. మొదటి ద్వారపు ఊళ్లు రెండూ దాదాపుగా ఆ ఒక్క బండి దారిలోనే ఉన్నాయి.

మొదటి ద్వారం విషయంలో మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు నాలుగో ఏడు వచ్చాక చూద్దాంలే అనుకోవడం. ఈ బ్యాంకులు సాధారణంగా మూడో సంవత్సరం తరువాతి వేసవిలో ఇంటర్న్‌లను తీసుకుని, వారిలో బాగా పనిచేసినవారికే శాశ్వత ఉద్యోగం ఇస్తాయి. ఆ వేసవికి దరఖాస్తులు ఎన్నో నెలల ముందే మొదలవుతాయి గనుక రెండో ఏడు చివరి నుంచే వాటి ఉద్యోగాల పేజీలను గమనిస్తూ ఉండాలి. క్యాంపస్ ఎంపికలకు అవి కొద్ది కళాశాలలకే వెళ్తాయి. బరంపురం, గుణుపురం, పర్లాకిమిడి కళాశాలలకు రాకపోతే నేరుగా దరఖాస్తు చేయాలి, లేదా జేపీ మోర్గాన్ నిర్వహించే కోడ్ ఫర్ గుడ్ వంటి హ్యాకథాన్లలో (తక్కువ వ్యవధిలో ప్రోగ్రాము కట్టే పోటీల్లో) పాల్గొనాలి. ఇన్ని మార్కులు తప్పనిసరి అనే కటాఫ్ ఉంటుంది. పాస్ కాని సబ్జెక్టు మిగిలి ఉంటే చాలాచోట్ల దరఖాస్తే తీసుకోరు.

ఆన్‌లైన్ పరీక్షలో డేటా స్ట్రక్చర్లు, ఆల్గారిథమ్‌లు, ఎస్‌క్యూఎల్ ఉంటాయి. వాటికి అభ్యాసం తప్ప వేరే మార్గం లేదు, సామగ్రి అంతటా దొరుకుతుంది గనుక దాని గురించి ఎక్కువ చెప్పను. మనవాళ్లు అసలు వెనుకబడేది ఇంటర్వ్యూలో. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, రైలులో హిందీ మాట్లాడే పిల్లవాడికి ఇంగ్లీషు పుస్తకంలోనే మిగిలిపోతుంది. తాను చేసిన ప్రాజెక్టును రోజూ పది నిమిషాలు ఇంగ్లీషులో పైకి చెప్పుకుంటూ, ఫోనులో రికార్డు చేసుకుని తిరిగి వినే అలవాటు మూడు నెలలు చేస్తే ఈ లోటు చాలావరకు తీరుతుంది.

ఆ ప్రాజెక్టు ఏదన్నది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. అందరూ చూపే సినిమా టిక్కెట్ల వెబ్‌సైటు వద్దు. మా నాన్నగారు పట్టుచీరల కొట్టులో రోజూ రాత్రి చిట్టాలో రాసిన పద్దులను ఆవర్జాలోకి (ఖాతాల పుస్తకంలోకి) ఎక్కించి, జమా ఖర్చులు సరిపోయేదాకా కొట్టు కట్టేవారు కాదు. ఆ ఆవర్జానే కంప్యూటరులో కట్టండి. ప్రతి బదిలీకి ఒక ఖాతాలో ఖర్చు పద్దు, మరొక ఖాతాలో జమ పద్దు పడాలి. రెండూ పడాలి, లేదా రెండూ పడకూడదు. డేటాబేస్ భాషలో దాన్నే ట్రాన్సాక్షన్ అంటారు, మధ్యలో కరెంటు పోతే వెనక్కి తీసుకోవడాన్ని రోల్‌బ్యాక్ అంటారు. డబ్బును దశాంశ సంఖ్యగా కాక పైసల్లో పూర్ణసంఖ్యగా దాచండి. ఫ్లోటింగ్ పాయింటు లెక్కలో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదని మీరే రాసి చూడవచ్చు. ప్రతి అభ్యర్థనకు ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్య రెండోసారి వస్తే మళ్లీ డబ్బు కోయకుండా చూడండి. శిక్షణలో నేను రాసిన మొదటి ప్రోగ్రాములో ఈ చివరిది మరచిపోయాను; నెట్‌వర్కు ఆలస్యమై అభ్యర్థన రెండుసార్లు రావడంతో పరీక్షా ఖాతాలో రూ. 500 రెండుసార్లు తగ్గింది. అది పరీక్షా ఖాతా గనుక సరిపోయింది.

ఇలాంటి ప్రాజెక్టు చేతిలో ఉంటే, ‘యూపీఐలో డబ్బు కట్ అయింది, అవతలివారికి పడలేదు, అప్పుడేం జరగాలి?’ అన్న ప్రశ్నకు బెదరనక్కరలేదు. వ్యక్తుల మధ్య యూపీఐ బదిలీలో అలా జరిగితే మరుసటి రోజులోగా సొమ్ము తిరిగి జమ కావాలనీ, ఆపై ఆలస్యమైతే రోజుకు రూ. 100 పరిహారం చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఆదేశించింది. కోడుతో పాటు ఆ నియమం కూడా తెలిసిన అభ్యర్థిని ఇంటర్వ్యూ చేసేవారు గుర్తుంచుకుంటారు.

రెండో ద్వారమైన ఐబీపీఎస్ స్పెషలిస్టు ఆఫీసరు పరీక్షకు వయసు 20 నుంచి 30 ఏళ్ల మధ్య ఉండాలి; రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. కంప్యూటరు సైన్సు, ఐటీ, ఎలక్ట్రానిక్స్ శాఖల్లో నాలుగేళ్ల ఇంజనీరింగు గాని, ఆ విషయాల్లో పీజీ గాని కావాలి. బీసీఏ ఒక్కటే ఉన్నవారు దీనికి సరిపోరు. ఎంసీఏ చేయాలి, లేదా డోయెక్ అనే ప్రభుత్వ కంప్యూటరు కోర్సుల్లో ‘బి’ లెవెల్ ఉత్తీర్ణులై ఉండాలి. ఒడియా మాధ్యమంలో చదివినవారు ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుందన్నది ముందే గుర్తుపెట్టుకోవాలి. స్టేట్ బ్యాంకు ఈ పరీక్షలో చేరదు, దాని ప్రకటనలు వేరుగా వస్తాయి. 2024 వేతన ఒప్పందం ప్రకారం స్కేల్-1 (తొలి స్థాయి) ఆఫీసరు మూల వేతనం రూ. 48,480తో మొదలవుతుంది. దేశంలో ఎక్కడికైనా బదిలీ కావచ్చు.

ఇక కాగితాల సంగతి. సరిహద్దు జిల్లాల తెలుగువారికి అసలు చిక్కు ఇక్కడే వస్తుంది గనుక కాస్త వివరంగా చెబుతాను. మనం ఇంటిపేరును ముందు రాస్తాం. ఒడియా బడిలో మాస్టారు దాన్ని చివర రాస్తారు. ఆధార్ తీసేచోట పొడి అక్షరం ఒక్కటే ఎక్కిస్తారు. నా పేరు పదో తరగతి సర్టిఫికెట్టులో ఒక విధంగా, పాన్ కార్డులో మరో విధంగా ఉండడం వల్ల నేపథ్య పరిశీలన ఆగిపోయి, నేను చేరడం మూడు వారాలు వెనుకబడింది. పదో తరగతి సర్టిఫికెట్టును సరిచేయించడం కష్టం గనుక దానిలో ఉన్న అక్షరాలనే ప్రమాణంగా పెట్టుకుని ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం అన్నిటినీ దానికి సరిపోయేలా మూడో ఏడులోనే మార్పించుకోండి. తండ్రి పేరు విషయంలోనూ ఇంతే.

ఓబీసీ వారు మరొకటి చూసుకోవాలి. ఒడిశా ప్రభుత్వం ఇచ్చే ఎస్‌ఈబీసీ (రాష్ట్ర జాబితాలోని వెనుకబడిన తరగతుల) సర్టిఫికెట్టు ప్రభుత్వ బ్యాంకు పరీక్షకు పనికిరాదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో, క్రీమీలేయరు కాదని తెలిపే ఓబీసీ సర్టిఫికెట్టు కావాలి, మీ కులం ఒడిశాకు సంబంధించిన కేంద్ర జాబితాలో ఉండాలి. ఆంధ్రలోని బంధువులకు వచ్చింది కదా అని మనకూ వస్తుందని అనుకోకుండా జాబితాను మీ కళ్లతో చూసుకుని, తహసీలు కార్యాలయంలో ముందే దరఖాస్తు పెట్టండి.

ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్టు అడిగేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఐబీపీఎస్‌కు కట్టేది పరీక్ష రుసుము మాత్రమే, విదేశీ బ్యాంకులు అది కూడా తీసుకోవు.

చేరిన తరువాత కొన్ని వారాల శిక్షణ ఉంటుంది, ఆపై ఒక బృందానికి పంపుతారు. కొన్ని పథకాల్లో బృందాలను మారుస్తారు. ఏ బృందం కావాలని అడిగితే చాలామంది కొత్త యాప్‌లు కట్టే బృందాన్నే కోరుకుంటారు. నడుస్తున్న వ్యవస్థలను కనిపెట్టుకుని ఉండే ప్రొడక్షన్ సపోర్టును మొదటి ఆరు నెలలు అడిగి తీసుకోమని నా సలహా. రాత్రి విధులు తప్పవు. కానీ సంవత్సరాంతపు లెక్కలు ముగిసే రాత్రి ఏ ప్రోగ్రాము దేని మీద ఆధారపడి నడుస్తోందో అక్కడ కూర్చున్నవారికే కనబడుతుంది. మరుసటి ఏడు ఆ ప్రోగ్రాముల్లో దేన్ని తిరగరాయాలో చెప్పగలిగేది కూడా వారే.